సున్నం కింది బొమ్మ

నగరి
జనవరి 18

అక్కకు,

నీ తమ్ముడు ఎన్నికల్లో నిలబడ్డాడు. ఈ మాట మొదటే రాసేస్తున్నాను. మిగతా ఉత్తరం నువ్వు తిట్టుకుంటూ చదువుకోవచ్చు.

ఫోన్లో చెప్పాలని మహితకు రెండుసార్లు చేశాను. "మామా, ఫోను చెవికి ఆనించినా అమ్మకు మాట అందదు. జాబు రాసెయ్" అన్నది నీ కూతురు. ఇరవై ఏళ్ళు మరమగ్గాల మోతలో కూర్చున్న చెవులకు నా గొంతు ఒక లెక్కా!

మన వార్డుకు కౌన్సిలరుగా నిలబడ్డాను. పార్టీ పేరు నేలతల్లి హరిత పార్టీ. నవ్వకు. జిల్లా మొత్తానికి పదిహేడు మందిమి ఉన్నాం, అందులో నలుగురు నాలాంటి రిటైరైన అయ్యవార్లే. చెట్లు నాటడం కోసమైతే నిలబడేవాడిని కాను. నీళ్ళ కోసం నిలబడ్డాను. నువ్వు తిరుపతిలో కూతురి ఇంటికి వెళ్ళి నాలుగేళ్ళయింది కదా, ఇప్పుడు మన పేటలో ఏ బోరు వేసినా ఉప్పునీళ్ళే. కొన్ని ఇళ్ళల్లో లేత ఎరుపు కూడా. ఆ నీళ్ళతో అన్నం వండితే గంజికి రంగు వస్తోంది. నూలుకు రంగులద్దే షెడ్లవాళ్ళు ఉప్పు కలిసిన రంగునీళ్ళను పెరటి గుంతల్లోకి వదలడం మానాలి. అందరికీ కలిపి మున్సిపాలిటీ ఒక శుద్ధి తొట్టి కట్టాలి. నా ప్రచారమంతా ఈ రెండు మాటలే.

ఒక చిన్న పని ఉంది. నీ ఇంటి తాళంచెవి పంపు. పెరట్లో బావ అద్దకం షెడ్డు పక్కన పాత చేదబావి ఉంది కదా, దాంట్లోంచి ఒక సీసా నీళ్ళు తీసి పరీక్షకు పంపించాలి. అభ్యర్థిని కాబట్టి తాళం పగలగొడితే బాగుండదు.

నీ మరదలు కోమలి నిన్ను అడిగినట్టు రాయమన్నది. నా మీద అలిగి నాలుగు రోజులైంది, ఆ సంగతి మాత్రం రాయొద్దన్నది.

నీ తమ్ముడు
వరదయ్య

తిరుపతి
జనవరి 24

వరదా,

తిట్టుకుంటూ చదవమన్నావు, అలాగే చదివాను. అరవై నాలుగేళ్ళు వచ్చాయి, మోకాళ్ళకు నూనె రాసుకుని నీడన కూర్చోరాదా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ముందు కోమలి నీకు ఓటు వేస్తుందేమో అడుగు.

ఇక్కడ బాగానే ఉన్నాను. మా అల్లుడు ప్రతాప్ నాకు చెవి మిషను కొనిపెట్టాడు. అది పెట్టుకుంటే పక్కింటి మిక్సీ మరమగ్గంలాగా మోగుతుంది. ఇంతదూరం వచ్చి మళ్ళీ మగ్గం దగ్గర కూర్చోవడం ఎందుకని తీసి డబ్బాలో పెట్టాను. పొద్దున్నే బాల్కనీలోంచి కొండకు దండం పెట్టుకుని కాఫీ తాగుతాను. నీళ్ళు తియ్యగానే ఉన్నాయి. తాగుతున్నప్పుడల్లా మన పేట గుర్తొస్తుంది.

నీ దస్తూరీ చూస్తే ఎంత కోపమైనా దిగిపోతుంది. నాయన నన్ను బడికి పంపకుండా మగ్గం గుంతలో కూర్చోబెట్టాడు. నువ్వు బడినుంచి వచ్చి గుంత అంచున బాసింపట్టు వేసుకుని, ఆ రోజు నేర్చుకున్న అక్షరం పలకమీద రాసి నాకు చూపించేవాడివి. నేను దిద్దకపోతే "అక్కకు సదువు రాదు" అని నాయనతో చాడీలు చెప్పేవాడివి. నువ్వు అప్పుడే అయ్యవారివి.

తాళంచెవి ఎక్కడ పెట్టానో వెతకాలి. అయినా పేటలో పదకొండు షెడ్లు నడుస్తుంటే మా పెరడే ఎందుకు? మా షెడ్డు మీ బావతోనే మూతబడింది. నడుస్తున్న చోట నీళ్ళు తీయరాదా?

ఎండలో తిరగకు. తిరిగినా టోపీ పెట్టుకో, గుడ్డ ఏ రంగుదైనా పరవాలేదు.

అక్క
ఉదయలక్ష్మి

నగరి
ఫిబ్రవరి 1

అక్కా,

నాకు ఎన్నికల గుర్తుగా పలక వచ్చింది! చీటీ తీసిన ఆఫీసరు నా దగ్గర చదువుకున్నవాడే. "సార్‌కు పలక పోయి ఇంకేం వస్తాది?" అని అందరూ నవ్వారు. ఇంటింటికీ తిరుగుతున్నాం. ఒకామె తలుపు తీసి నన్ను చూడగానే "మావోడు ట్యూషనుకు రాలేదని వచ్చినారా సారూ" అని భయపడిపోయింది. పిల్లవాడికి ముప్పై ఎనిమిదేళ్ళు.

నడుస్తున్న షెడ్లవాళ్ళు గేటు తీయడం లేదు. అందుకే సొంత అక్కను అడిగాను. నువ్వేమో తాళంచెవి వెతకాలంటున్నావు. సూది పోయినా ఇల్లంతా ఊడ్చి పట్టుకునే మనిషివి నువ్వు. నాకు ఒకటి అనిపించింది, రాస్తున్నాను, ఏమనుకోకు. ప్రతాప్ ఆ ఇల్లు అమ్మకానికి పెడతాడని ఇక్కడ అనుకుంటున్నారు. బావి సంగతి బయటపడితే కొనేవాడు రాడని నీతో ఆ మాట అనిపిస్తున్నాడా? అల్లుడి మాట కాదనలేక నన్ను తిప్పుతున్నావా?

అదే అయితే నాకు చెప్పు. ఎవరికీ తెలియకుండా నేనొక్కడినే వెళ్ళి, ఒక గంట ఉండి, తాళం వేసి వచ్చేస్తాను.

శుక్రవారం సాయంత్రం బస్టాండు దగ్గర మా మొదటి మీటింగు. మైకు పట్టుకుని చాలా రోజులైంది. క్లాసులో అయితే అరిచేవాడిని, ఇక్కడ అరిస్తే ఓట్లు పోతాయట.

నీ తమ్ముడు
వరదయ్య

తిరుపతి
ఫిబ్రవరి 9

వరదయ్యా,

ప్రతాప్ ఆ ఇంటి గుమ్మం ఏ దిక్కుకు ఉందో కూడా చెప్పలేడు. అల్లుడి మీద అంత మాట ఎలా రాయగలిగావు? తాళంచెవి ఈ నాలుగేళ్ళుగా నా మెడలో తాడుకే ఉంది. పంపకపోవడానికి నా కారణం నాకుంది.

ఆదివారం మన పేట కుప్పమ్మ కొండకు వచ్చి, దర్శనమయ్యాక మా ఇంటికి వచ్చింది. నాకు వినపడాలని అది అరిచి చెబితే మూడు అంతస్తులవాళ్ళూ విన్నారు. మీటింగులో ఎవరో లేచి, "అయ్యవారూ, రంగునీళ్ళు మొట్టమొదట గుంతలోకి ఇడిసింది ఎవురు? మీకు తెల్దా?" అని అడిగారట. నువ్వు మైకులో "మా బావ ఢిల్లీబాబు" అన్నావట. జనం చప్పట్లు కొట్టారట. "సూడప్పా, సొంత బావనే ఇడిసిపెట్టలా! ఇట్లాంటి మనిషి యాడుండాడు?" అన్నారట. కుప్పమ్మ కూడా కొట్టానని చెప్పింది. చెప్పి, నా మొహం చూసి ఆగిపోయింది.

ఇది నిజమేనా?

ఉదయలక్ష్మి

నగరి
ఫిబ్రవరి 12

అక్కా,

నీ ఉత్తరం చదివి కోమలి కూడా నాతో మాట్లాడటం లేదు. కుప్పమ్మ ఒకటికి నాలుగు కలిపి చెప్పి ఉంటుంది. జరిగింది ఇంతే. ఎవరో అడిగారు, ఉన్నది చెప్పాను. మొదట పెరట్లో ఎండుబావిలోకి వదిలింది బావ కాదా? ప్రజల ముందు నిలబడి అబద్ధం చెప్పమంటావా? ఇంకొకరి పేరు చెబితే వాళ్ళు పగబడతారు. మన ఇంటి మనిషి పేరే చెప్పాను కాబట్టి ఎవరికీ నొప్పి ఉండదనుకున్నాను. బావ ఉంటే తానే ముందుకు వచ్చి ఒప్పుకునేవాడు, ఆయన అలాంటి మనిషి. నేను ఆయన్ను తిట్టలేదు. తెలియక చేశాడని కూడా అన్నాను. తెలియక చేసినా చేసింది చేసినట్టే కదా అని మాత్రం అన్నాను.

చప్పట్లు నేను అడిగి కొట్టించుకున్నవి కావు. అయినా దాచడం ఎందుకు, ఆ రోజునుంచి పేటలో గాలి మారింది. అద్దకంవాళ్ళే ఇద్దరు ముగ్గురు వచ్చి, "సొంతోళ్ళనే అన్నోడు మాకు అన్యాయం చెయ్యడు" అని చెయ్యి కలిపారు. గెలిచినా గెలుస్తానని మా వాళ్ళు అంటున్నారు. గెలిస్తే శుద్ధి తొట్టి వస్తుంది, రేపటి పిల్లలు మంచినీళ్ళు తాగుతారు. దానిముందు పోయినవాళ్ళ పేరు ఒకసారి మైకులో రావడం అంత పెద్ద సంగతా?

ఇరవై రెండు ఆదివారం పోలింగు. నీ ఓటు ఇంకా ఇక్కడే ఉంది. వస్తావు కదూ? వచ్చేటప్పుడైనా తాళంచెవి తెచ్చుకో.

వరదయ్య

తిరుపతి
ఫిబ్రవరి 15

వరదా,

తాళంచెవి ఈ కవరులోనే ఉంది. జారిపోకుండా మీ బావ తువాలు అంచు చించి కట్టాను.

నువ్వు మరిచిపోయావేమోనని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. మొన్నటి జాబుతో మరిచిపోలేదని తెలిసింది. మరిచినవాడు అంత పొడుగ్గా రాయడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ జాబు.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి మాట. అప్పటిదాకా మా రంగునీళ్ళు కాలవలో పడి ఏటికి పోయేవి. ఆ నీళ్ళు తాగి గొర్రెలు చచ్చాయని ఏటిగడ్డవాళ్ళు కర్రలు పట్టుకుని మా గడపకు వచ్చారు. తర్వాతి ఆదివారం నువ్వు వచ్చావు. మీ బావ నిన్ను షెడ్డులోకి పిలిచి, "వరదా, సదువుకున్నోడివి, నువ్వే సెప్పప్పా. ఈ నీళ్ళు యాడ పొయ్యమంటావు?" అన్నాడు. అప్పటికి నా చెవులు బాగానే ఉన్నాయి. రెండు గ్లాసుల కాఫీ పట్టుకుని నేను వాకిట్లోనే ఉన్నాను.

నువ్వు ఎర్రరంగు తొట్టిలో బ్రష్షు ముంచి గోడమీద బొమ్మ గీశావు. కింద గులకరాళ్ళు, వాటిపైన ఇసుక, ఆపైన బొగ్గు. "భూమి కంటే పెద్ద వడపోత యాడుండాది బావా? ఈ ఎండుబావిలోకి ఇడిసెయ్. కిందికి పొయ్యేసరికి తేటగా అయిపోతాయి" అన్నావు. బళ్ళో పాఠం చెప్పినట్టే చెప్పావు. మీ బావ కళ్ళు ఎంత వెలిగాయో నేను చూశాను. పేటలో ప్రతి అద్దకంవాడినీ పిలిచి ఆ బొమ్మ చూపించాడు. "మా వరద గీసినాడు" అని చెప్పుకున్నాడు. ఏటేటా సున్నం కొట్టించేటప్పుడు ఆ జాగా మాత్రం వదిలేయించేవాడు.

రెండో ఏడే మా చేదబావి నీళ్ళు ఉప్పగా మారాయి. నేను చెప్పాను. "అయ్యవారు తెలీకుండా సెప్తాడా?" అని నన్నే కసిరాడు. ఆ నీళ్ళే తాగాడు. కిడ్నీలు చెడింది నీళ్ళవల్లనని డాక్టరు అనలేదు, కాదనీ అనలేదు. ఆసుపత్రి మంచం మీద నేను నీ పేరు ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టి, "వరదకు సెప్పొద్దు. బాధపడతాడు" అన్నాడు.

ఆ బొమ్మ ఇంకా అక్కడే ఉంది. ఆనాడు దాన్ని చూసిన అద్దకంవాళ్ళు పోయారు, ఇప్పటి పేటవాళ్ళు చూస్తే ఎన్నికల్లో నిన్ను నవ్వులపాలు చేస్తారని తాళంచెవి దాచాను. నిన్ను కాపాడుతున్నాను అనుకున్నాను. నువ్వేమో ఆయన్ను చూపించి చప్పట్లు కొట్టించుకున్నావు.

ఇల్లు తీసి చూసుకో. తర్వాత నీ ఇష్టం.

అక్క

నగరి
ఫిబ్రవరి 20

అక్కా,

ఇప్పటిదాకా నీకు రాసిన జాబుల్లో ఒక్కటీ పూర్తి నిజం కాదు. ఇది చదువు.

పరీక్షకు నీళ్ళు అన్నది సాకు. నామినేషను వేసిన రోజే నాకు ఆ బొమ్మ గుర్తుకు వచ్చింది. ఉందో లేదో చూసి, ఉంటే చెరిపేయాలని తాళంచెవి అడిగాను. ఎవరికీ తెలియకుండా ఒక గంట ఉండి వస్తానన్నది అందుకే. నువ్వు నన్ను కాపాడాలని దాచావు, నేను ప్రతాప్‌ను అనుమానించాను. ఆ పిల్లవాడికి నా తరఫున ఏమి చెప్పాలో నాకు తెలియడం లేదు.

మంగళవారం నీ కవరు అందింది. చదివాను. చదివిన తర్వాత కూడా ఏం చేశానో తెలుసా? మధ్యాహ్నం ఎవరూ తిరగని వేళ సున్నం బకెట్టు పట్టుకుని వెళ్ళాను. బొమ్మ నిన్న గీసినట్టే ఉంది. రెండు పూతలు కొట్టాను. గోడ తెల్లబడింది. ఇంటికి వచ్చి రాగిసంగటి రెండు ముద్దలు తిన్నాను. ఆకలి బాగా వేసింది అక్కా. అది తలుచుకుంటేనే నాకు సిగ్గుగా ఉంది.

బుధవారం వెళ్ళి చూస్తే సున్నం మీద గులాబీ మచ్చలు. జిగురు కలిపి మూడో పూత వేశాను. నిన్న పొద్దున గులకరాళ్ళతో సహా బొమ్మంతా పైకి వచ్చేసింది. బకెట్టు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాను.

ముప్పై ఏళ్ళు ఆరో తరగతి పిల్లలకు ఒకటే పాఠం చెప్పాను. ఇసుక మట్టిని ఆపుతుంది, నీళ్ళలో కరిగిన ఉప్పును ఆపదు. ఉప్పునీళ్ళు వాళ్ళచేతే వడకట్టించి, నాలుక మీద వేయించి మరీ చూపించేవాడిని. ఆ ఆదివారం బావ అడిగినప్పుడు ఆ పాఠం ఎటు పోయింది? ఆయన నన్ను సదువుకున్నోడివి అన్నాడు. నాకు తెలియదు అనడానికి నోరు రాలేదు. అంతే. ఐదారేళ్ళకు పేట నీళ్ళు ఉప్పగా మారుతుంటే నాకు అర్థమైంది. ఒక్కరోజు వెళ్ళి "బావా, నేను చెప్పింది తప్పు, ఆపెయ్" అంటే సరిపోయేది. రేపు చెబుదాం, సెలవుల్లో చెబుదాం అనుకుంటూనే ఆయన కాటికి పోయేదాకా చెప్పలేదు. నిలబడింది నీళ్ళ కోసమే, అబద్ధం కాదు. గెలిచి ఆ తొట్టి కట్టించేస్తే చేసింది చెల్లిపోతుందని, ఎవరికీ చెప్పే పని ఉండదని అనుకున్నాను.

ఈరోజు సాయంత్రం ఐదుకు ప్రచారం ముగింపు. నాలుగు గంటలకు మైకు ఆటోను మీ సందులోకి తెప్పించి, నీ తలుపులు బార్లా తీశాను. నలభై యాభై మంది వచ్చారు. షెడ్డులోకి తీసుకుపోయి గోడ చూపించాను. "ఇది గీసింది నేను. మా బావకు చెప్పింది, ఆయన ద్వారా మీ పెద్దలకు చెప్పించింది నేను. తప్పు అని తెలిసి కూడా ఊరుకున్నాను. మొన్న మైకులో ఆయన పేరు చెప్పి మీ చప్పట్లు తీసుకున్నాను" అన్నాను.

ముందున్నవాళ్ళు గోడ దగ్గరికి వచ్చి బొమ్మను చూశారు. తర్వాత ఒకాయన, "అయితే ఇన్నేండ్లు మేము తాగింది నీ పాఠమా సారూ?" అన్నాడు. కుప్పమ్మ నా పలక బొమ్మ కాగితాన్ని మడిచి నా చేతిలోనే పెట్టేసింది. "సచ్చిపోయినోడి మీద యేసి సప్పట్లు కొట్టించుకుంటివే. ఆయక్కకు ఏమని సెప్పుకుంటావు?" అన్నది. అందరూ వెళ్ళిపోయారు. మా పార్టీవాళ్ళు జెండాలు చుట్టుకున్నారు. కోమలి మాత్రం బకెట్టు కడిగి, నా పక్కన కూర్చున్నది.

పోస్టాఫీసు మూసేశారు, ఇది రేపు వేస్తాను. ఆదివారం లోపల నీకు అందదేమో. ఓటు ఎవరికైనా వెయ్యి. నన్ను మాత్రం ఒకసారి కళ్ళెత్తి చూసి పో అక్కా.

వరద

తిరుపతి
ఫిబ్రవరి 25

వరదా,

నీ జాబు మంగళవారం అందింది. నేను ఆదివారమే వచ్చి వెళ్ళాను.

మహితకు సెలవు దొరకలేదు, ఒక్కదాన్నే మొదటి బస్సుకు వచ్చాను. బడి గేటు అవతల గుడారం కింద నువ్వు చేతులు జోడించి నిలబడి ఉన్నావు. చిక్కిపోయావు. చూశాను, కానీ నువ్వు చూసేలోపల కొంగు తలమీదికి లాక్కుని మొహం తిప్పుకున్నాను. వరసలో అందరూ నన్నే చూస్తున్నారు. తప్పుచేసినవాడి పెళ్ళాం వచ్చిందని చూస్తున్నారనుకున్నాను. ఎవరి పెదవులూ చూడకుండా తల వంచుకుని నిలబడ్డాను. చెవి మిషను ఇంట్లోనే వదిలి వచ్చాను. ఓటు వేసి బయటికి వస్తుంటే కుప్పమ్మ రెండు చేతులూ ఊపుకుంటూ పరుగెత్తి వచ్చింది. మళ్ళీ ఏం వినాల్సి వస్తుందోనని దాన్ని విదిలించుకుని బస్సెక్కేశాను. అది బస్సు కదిలేదాకా కిటికీ తడుతూనే ఉంది. ఏం చెప్పాలని వచ్చిందో నీ జాబు చదివాక తెలిసింది.

ఓట్ల లెక్క మహిత ఫోన్లో చూసి చెప్పింది. నీకు నలభై ఏడు. డిపాజిట్ పోయిందట. ఆ నలభై ఏడులో నాది లేదు వరదా. ఓటు కాగితం మీద పలక బొమ్మ కనిపించింది. నేను అక్షరాలు దిద్దుకున్న పలకే అనిపించింది. చెయ్యి దాని దాకా పోయింది. మీ బావ గుర్తుకు వచ్చాడు. ముద్ర దాని కింది బొమ్మ మీద వేశాను, అది ఎవరి గుర్తో కూడా చూడలేదు. నువ్వు అంతకు రెండు రోజుల ముందే అందరిముందూ నిజం చెప్పేశావు. అది తెలియక నా తమ్ముడికి నేను చేసిన పని ఇది. నిన్నటినుంచి కాఫీ సహించడం లేదు.

నా తప్పు కూడా చిన్నదేం కాదు. నీళ్ళు ఉప్పబడ్డ రెండో ఏడే నేను నీ బడికి వచ్చి అడిగి ఉండాల్సింది. మీ బావ కసిరాడని ఊరుకున్నాననుకుంటూ వచ్చాను. అది కాదు. నా మగ్గం కూలితో చదువుకున్నవాడు తప్పు చెప్పాడంటే నేనే ఒప్పుకోలేకపోయాను.

వచ్చే ఆదివారం వస్తున్నాను, పది రోజులు ఉంటాను. పదకొండు షెడ్లవాళ్ళ గడపలూ ఇద్దరం కలిసి తొక్కుదాం. కౌన్సిలరు ఎవరైతేనేం, అర్జీ ఇచ్చేవాళ్ళు మనమే అవుదాం. నీళ్ళు బాగుచేయడం తెలిసినవాళ్ళు ఎక్కడున్నారో వెతికి పిలిపించు. వాళ్ళు వచ్చేలోపల ఎవరైనా నిన్ను ఏమైనా అడిగితే, తెలియకపోతే తెలియదని చెప్పు.

గోడకు మళ్ళీ సున్నం కొట్టకు. తాళంచెవి నీ దగ్గరే ఉండనీ. చెవి మిషను పెట్టుకునే వస్తాను. మొదటి బస్సు వచ్చేసరికి బస్టాండులో నిలబడు, ఈసారి మొహం తిప్పుకోను.

అక్క